బండి పలికేదాకా

ఎర్రపాలెం,
13 మే 2025

బరంపురంలో నూనె మడ్డి మధ్య కూర్చుని చచ్చిన బండ్లకి పునర్జన్మ ప్రసాదిస్తున్న ధనరాజు బావకి, బావమరిది కాసులు రాస్తున్నది.

అక్క మోకాలు ఎలా ఉంది? నేను చెప్పిన జిల్లేడాకు కట్టిందా, లేక ఆ మందు గొట్టమే రుద్దుకుంటోందా? ఇక్కడ మేం క్షేమం. వేట నిషేధం రోజులు కాబట్టి మగాళ్లంతా ఒడ్డున కూర్చుని వలలు అతుకుతున్నారు, పేకాడుతున్నారు. వాళ్లని చూస్తే నాకు ప్రసంగం పొంగుకొస్తుంది. కానీ చెయ్యలేను. ఎందుకో చెబుతాను, నవ్వకుండా చదువు.

మొన్న ఆదివారం హుమ్మలో ఉప్పు మడుల కూలీలకి మన వ్యాను మైకు మీద పురాణం చెప్పాను. ఆ రోజు విషయం నాలుక అదుపు. నరకానికి దారి గొంతులోంచే మొదలవుతుందని గర్జించాను. నాలుకని కట్టేసుకోండి అన్నానో లేదో, మైకు కుయ్యిమని చచ్చిపోయింది. బ్యాటరీ దిగిపోయింది. గొంతు చించుకుని ఇంకో రెండు ముక్కలు అన్నాను, ఆ గాలికి అవి ఛత్రపూర్ వైపు కొట్టుకుపోయాయి. వెనక వరసలో ఒక ముసలాయన లేచి, "గురువుగోరు నాలిక కట్టీసుకున్నారు, మనం ఇంటికెల్లిపోదాం పదండి" అన్నాడు. జనం నవ్వుతూ లేచిపోయారు.

బావా, నా ఒళ్లు మండింది. అక్కడికక్కడే గుప్పెడు ఉప్పు తీసుకుని ఒట్టు పెట్టాను. ఈ వ్యాను ఇంజను తిరిగి, ఆ శక్తితోనే ఈ మైకు మళ్లీ పలికేదాకా నేను పలకను. భీష్ముడు పెళ్లి మానుకున్నాడు, నేను మాట మానుకున్నాను. ఏది కష్టమో పెళ్లయిన నీకు తెలుసు.

ఇప్పుడు అసలు సంగతి. జూన్ పదిహేనున వేట మొదలు. ఏటా ఆ తెల్లవారుజామున నేను మైకులో ఒక్కో పడవ పేరూ చెప్పి గంగమ్మకి అప్పగిస్తేనే మనవాళ్లు నీళ్లలోకి దిగుతారు. నేను పలక్కపోతే ఒక్క పడవ కదలదు. నెల రోజులుగా పొయ్యిలు అప్పు మీద మండుతున్నాయి. కాబట్టి ఆలోగా బండి పలకాలి.

మెకానిక్కు చిన్నా వచ్చి చూసి డైనమో పోయిందన్నాడు. బ్యాటరీకి కరెంటు పోసేది అదేనట. కొత్తది కొనడం నా తరం కాదు. నీ దుకాణంలో గుట్టలుగా ఉంటాయి కదా, మంచిది ఒకటి చూసి, ఎండు చేపలమ్మే ముసలమ్మ బుట్టలో వేసి పంపు. ఫోను చెయ్యకు. ఫోనులో అక్షరాలు కొట్టినా మాట్లాడినట్టేనని నా తీర్పు.

నీ మౌన బావమరిది,
కాసులు


బరంపురం,
16 మే

మాట్లాడకుండానే ఊరంతటినీ హడలగొడుతున్న బావమరిదికి,

నీ ఉత్తరం ఎండు నెత్తళ్ల వాసనతో చేరింది. మీ అక్క చదివి కొంగు నోట్లో కుక్కుకుని లోపలికి పోయింది. నేను నవ్వలేదు. నువ్వు వద్దన్నావు కదా.

కాసులూ, డైనమో అంటే కొబ్బరికాయ కాదు, ఏ చెట్టుదైనా ఏ గుళ్లోనైనా కొట్టెయ్యడానికి. నా దుకాణంలో డైనమోలన్నీ అన్నదమ్ముల్లా ఉంటాయి. దగ్గరికెళ్తే ఒకడికి బిగించే చెవులు కింద రెండు, ఇంకొకడికి కిందొకటి పైనొకటి. ఒకడి చక్రానికి బెల్టు కూర్చునే లోతు గాడి ఒక్కటే, ఇంకొకడికి సన్న గాడులు వరసగా. వెనక వైరు ప్లగ్గుకి ఒకడికి రెండు కాళ్లు, ఇంకొకడికి మూడు. ఒకే కంపెనీ, ఒకే పేరు వ్యాను, రెండేళ్ల తేడాలో లోపల అన్నీ మార్చేస్తారు. మొహం చూసి పెళ్లికొడుకుని తెచ్చుకోవచ్చు గానీ డైనమోని తెచ్చుకోలేం.

అందుచేత పాత డైనమో ముసలమ్మ చేతికిచ్చి పంపు. పక్కన పెట్టి చూస్తే పది మాటలు అక్కర్లేదు. దాని ఒంటి మీద నంబరు పోతపోసి ఉంటుంది, అదీ చూస్తాను. బండి ఏ సంవత్సరంలో తయారైందో రాయి. డ్రైవరు సీటు కింద రేకు మీద ఛాసిస్ నంబరు ఉంటుంది, అక్షరం పొల్లుపోకుండా రాసి పంపు. ఒక్కోసారి డైనమోలో కార్బన్ ముక్కలు అరిగిపోతే చాలు, అవి మారిస్తే పాతదే లేచి కూర్చుంటుంది. అందుకని దాన్ని పారెయ్యకు.

మీ అక్క ఒకటి అడగమంది. ఇంట్లో పెళ్లాం పుణ్యవతి దగ్గర కూడా మాట్లాడటం లేదా, లేక ఒట్టు వీధి వరకేనా?

నీ బావ,
ధనరాజు


ఎర్రపాలెం,
19 మే

ఉపదేశం చెయ్యడం నా వృత్తి అని మరిచిపోయిన బావకి,

ఇంట్లోనూ మాట లేదు. పుణ్యవతి పలక కొని తెచ్చింది. కూరలో ఉప్పు చాలలేదని రాసి చూపిస్తే, చదవడం రాదంటుంది. నిన్న మొన్నటి దాకా సంతలో కొట్ల బోర్డులన్నీ చదివిన మనిషి.

పాత డైనమో పంపమన్నావు. అది లేదు. గంగలో కలిపేశాను.

తొందరపడి తిట్టకు. ఆ డైనమో ఇన్నేళ్లు దేవుడి మాట పలికించింది. అలాంటిదాన్ని తీసుకెళ్లి పాత ఇనుములో పడేస్తామా? మన పడవ పగిలిపోతే ముందు భాగం కోసి, పసుపు రాసి, సముద్రానికి ఇచ్చేస్తాం కదా. అదే మర్యాద చేశాను. పసుపు రాసి, కొత్త గుడ్డ చుట్టి, అసిరయ్య తెప్ప మీద లోతుకి తీసుకెళ్లి వదిలాం. నేను మంత్రం మనసులోనే చెప్పుకున్నాను. ఊళ్లో కొందరు ఏడ్చారు కూడా. అసిరయ్య పెద్ద మనిషి, పదో రోజు భోజనాలు పెట్టాలా అని అడిగాడు. వద్దని చేత్తో చెప్పాను.

బండి పుట్టిన సంవత్సరం రెండువేల పదకొండు. ఛాసిస్ నంబరు కింద రాస్తున్నాను. మధ్య మధ్య గీతలున్న చోట ఎనిమిది ఉందని గ్రహించు. ఎనిమిది శని అంకె. మౌనంలో ఉన్నవాడి చేత్తో అది రాయించకు. నంబరు మీద పసుపు, కుంకుమ, ఆకుపచ్చ పెయింటు చాలా పొరలున్నాయి కాబట్టి ఒకటి రెండు అంకెలు నా ఊహ.

ఇక నీ చెవులూ గాడులూ అన్న సిద్ధాంతానికి జవాబు. పరమశివుడు కొడుకు తల నరికాక మళ్లీ తల కావలసి వచ్చింది. గణాలు ఉత్తర దిక్కుకి పోయి ఏనుగు తల తెచ్చాయి. సైజు చూశాయా? చెవులు ఎన్నున్నాయో, ఎంతున్నాయో కొలిచాయా? మెడ చుట్టుకొలత అడిగాయా? పెట్టారు, లేచాడు. ఈ రోజుకీ తొలి పూజ ఆయనకే. దక్షుడికి మేక తల పెట్టారు, అదీ సరిపోయింది. నీ దుకాణం కన్నా కైలాసం పెద్దది బావా. సంకల్పం ఉంటే ఏదైనా అతుకుతుంది. మంచి మెరుపున్నది చూసి పంపు.

కాసులు


బరంపురం,
24 మే

డైనమోకి అంత్యక్రియలు చేసిన మొదటి మానవుడికి,

ఉత్తరం చదివి కాసేపు దుకాణం మెట్ల మీద కూర్చుండిపోయాను. గిరాకీగా వచ్చిన సుమిత్ ఎవరైనా పోయారా అని అడిగాడు. అవునన్నాను.

ఒరే, కార్బన్ ముక్కలు మారిస్తే బతికేదేమో అని రాశానా లేదా? నువ్వు కోమాలో ఉన్నదాన్ని సముద్రంలో పారేశావు. సరే, పోయినవాళ్ల గురించి మాట్లాడుకోకూడదు.

శివుడి దగ్గర గణాలున్నాయి, నా దగ్గర పానా ఉంది. నేను పానాతోనే పని చెయ్యాలి. నువ్వు పంపిన నంబరు బండిది కాదు, ఏదో జాతక చక్రంలా ఉంది. దాంతో ఏమీ తేలలేదు. అందుకని సంవత్సరం పట్టుకుని రెండువేల పదకొండు మోడలుది వెతికి పెట్టాను. తిప్పి చూశాను, లోపల గరగర లేదు. మీటరు పెట్టి చూస్తే పద్నాలుగు వోల్టుల దగ్గర నిలబడింది. ముసలమ్మ బుట్టలో అడుగున పెట్టి పైన చేపలు కప్పింది. తుడిచి వాడుకో.

చిన్నాకి ఒక్క మాట రాసి చూపించు. చేత్తో పెడితే చెవులు బోల్టుల ఎదురుగా వాటంతట అవే రావాలి. సుత్తితో రప్పించకూడదు. రాకపోతే అది మనది కాదు, అలాగే వెనక్కి పంపెయ్యాలి. వాడనిదైతే ఇచ్చిన చోట తిరిగి తీసుకుంటారు, కొట్టినదైతే తీసుకోరు.

మీ అక్క కొత్త ఆవకాయ పంపింది. డైనమో మీద పెట్టొద్దని చెప్పాను.

ధనరాజు


ఎర్రపాలెం,
28 మే

ఇంటి అల్లుడై ఉండి ఇంటికే గొయ్యి తవ్వుతున్న బావకి,

నీ డైనమో చెవి ఒకటి సరిగ్గా కూర్చుంది. రెండోది బోల్టుకి బెత్తెడు దూరంలో ఆకాశం చూస్తోంది. చిన్నా తిరిగి పంపేద్దామని తల అడ్డంగా ఊపాడు. నాకు సంకల్పం ఉంది, వల తాడు ఉంది. సొర చేపని లాగే నైలాన్ తాడుతో ఆ చెవిని ఇంజనుకి కట్టాను, పడవ లంగరు ముడి వేశాను. బండి స్టార్ట్ చేశారు. అసిరయ్య మైకు ముందు నిలబడ్డాడు. ఊరంతా చూస్తోంది.

డైనమో ఒక్కసారి ఒరిగింది. బెల్టు ఊడి పాములా లేచి, అసిరయ్య తలపాగా ఎత్తుకుపోయి, పుణ్యవతి ఇసక మీద ఆరబెట్టిన కవళ్ల చేపల మధ్య పడింది. కుక్కలు తలపాగాతో సహా పంచుకున్నాయి. నా జన్మలో నోరు తెరవాలని అంత బలంగా ఎప్పుడూ అనిపించలేదు. పలక మీద రాయబోతే బలపం విరిగింది.

ఇప్పుడు నిజం చెప్పు. ఇది అక్కా, పుణ్యవతీ కలిసి ఆడిన నాటకమేనా? నేను మౌనం పట్టిన దగ్గర్నుంచి పుణ్యవతి మొహం కళకళలాడుతోంది. పొద్దున్నే వాకిట్లో కూర్చుని, పెళ్లైన దగ్గర్నుంచి చెప్పాలనుకున్న కథలన్నీ వరసగా చెబుతోంది. ఆడవాళ్లు గుంపులుగా వచ్చి వింటున్నారు. నిన్న ఎవరో అడిగితే, "ఇన్నాల్టికి ఈ ఇంట్లో నా మాట నాకు ఇనిపిస్తంది" అంది. నేను పక్కనే ఉన్నాను. అక్కకి ఆమె ఫోను చేస్తుందని నాకు తెలుసు. కావాలనే కురచ చెవిది పంపమని అక్క నీకు చెప్పిందా? మంథర మాట విన్న ఇల్లు ఏమైందో తెలుసు కదా.

డైనమో తిరిగి పంపుతున్నాను. తాడు ముడి రాలేదు, అలాగే ఉంది.

కాసులు


బరంపురం,
31 మే

అనుమానమే ఆహారంగా బతుకుతున్న బావమరిదికి,

మంథర అన్న మాట మీ అక్క చదివింది. రెండు రోజులు నాకు చద్దన్నమే. తిట్టింది నువ్వు, పస్తు నాకు.

విను. నేను ఈ వ్యాపారంలో జుట్టు తెల్లబరుచుకున్నాను. ఒంటి కన్ను లైట్లు అమ్మాను, తలుపులు లేని బండ్లకి తలుపులు అమ్మాను. సరిపోదని తెలిసి ఒక్క ముక్క ఎవరికీ ఇవ్వలేదు. పురాణం నీకే వచ్చా? జరాసంధుడు రెండు ముక్కలుగా పుట్టాడు. దగ్గర పెడితే అతుక్కున్నాడు, ఎందుకంటే రెండూ ఒకే ఒంటివి. చీల్చి కుడిది ఎడమకి, ఎడమది కుడికి విసిరాక అతుక్కున్నాడా? అంత మహా బలవంతుడు అక్కడే పోయాడు. చెవి తేడా అంటే అదీ. తాడుతో కట్టే పద్ధతి భీముడికి కూడా తోచలేదు.

ఇంకో మాట. నీకు కోపం వస్తుంది, రానీ. ముసలమ్మ నాతో అంది, "నోరు మూసుకున్నాక కాసులు గురువుగోరికి కొబ్బరికాయలు జోరుగా పడతన్నాయి బాబూ. గిరిసోల నుంచి కూడా జనం వొచ్చి దండం పెట్టి ఎల్తన్నారు" అని. నువ్వు అరటాకు మీద కూర్చుని కళ్లు మూసుకుంటున్నావట. బండి బాగుపడితే ఈ వైభవం పోతుందనేనా నాకు తప్పు సంవత్సరం, గీతల నంబరు పంపుతున్నావు? నాటకం ఎవరిదో నువ్వే ఆలోచించుకో.

కాదంటే నిజం రాయి. ఆ రెండువేల పదకొండు నీకు ఎవరు చెప్పారు? బండి కాగితం మీద ఉందా?

ధనరాజు


ఎర్రపాలెం,
4 జూన్

బావకి,

కొబ్బరికాయలు నిజం. అరటాకు నిజం. నేను మైకులో అరిచిన రోజుల్లో ఇంత మంది ఎప్పుడూ రాలేదు, అదీ నిజం. ఏమీ అనకుండా కూర్చుంటే ప్రతివాడూ తనకి కావలసింది నేను చెప్పానని వెళ్తున్నాడు. ఒకాయన దావా మానుకున్నాడు. ఒకావిడ కోడల్ని క్షమించింది. నా నోటికి నేనే అడ్డం ఉన్నానేమో అనిపించింది. అది తియ్యటి పాపం. కానీ తప్పు సంవత్సరం కావాలని రాశానన్నావు చూడు, అది నేను పడను.

రెండువేల పదకొండులో ఈ బండిని కొన్నాను. తారాతారిణి కొండ కింద పూజ చేయించి, నుదుట బొట్టు పెట్టి, ఓం అని రాయించాను. అంతకు ముందు అది ఎవరిదో, ఏం మోసిందో నాకెందుకు? జంధ్యం పడ్డాకే బ్రాహ్మడికి రెండో పుట్టుక, పూజ పడ్డాకే బండికి పుట్టుక. అసలు పుట్టుక అదేనని ఇప్పటికీ నా వాదం. నీ పానాకి పాత పుట్టుక కావాలంటే, కాగితం మీద రెండువేల అయిదు అని ఉంది. ఇన్నాళ్లూ ఆ సంగతి నువ్వు సరిగ్గా అడగలేదు.

నిన్న అసిరయ్యా, పెద్దలూ వచ్చి కూర్చున్నారు. చివరికి అసిరయ్య అన్నాడు. "మావా, నువ్వు పలక్కపోతే మేం ఎల్లం. ఎల్లకపోతే తినం. నీ ఒట్టుని తెచ్చి మా పొయ్యి మీద పెట్టీసినావు."



రాత్రి కాగడా పట్టుకుని నేనే సీటు కింద దూరాను. కత్తితో పెయింటు గీకి, కిరసనాయిలుతో కడిగి, నంబరు మొత్తం రాశాను. ఎనిమిదులు కూడా రాశాను. శని నన్ను పట్టుకుంటే పట్టుకోనీ, ఊరిని వదిలితే చాలు.

కాసులు


బరంపురం,
9 జూన్

బావమరిదికి,

ఎనిమిదులు చూసి మీ అక్క కళ్లు తుడుచుకుంది. వాడు మారాడండీ అంది. నేను నంబరు సరిగ్గా ఉందన్నాను.

ఈసారి తిరుగులేదు. ఆ నంబరుకి ఏ డైనమో వచ్చిందో పుస్తకంలో చూశాను. ఛత్రపూర్‌లో పాత బండ్లు విప్పే నా స్నేహితుడు సోమేశ్వరరావు దగ్గరికి బస్సెక్కి వెళ్లాను. అదే ఏడాది, అదే వ్యాను, వెనక గుద్దేస్తే పక్కన పెట్టింది, ముందు భాగం చెక్కుచెదరలేదు. నా చేత్తో విప్పాను. ఒంటి మీద నంబరు అదే. గాడి ఒకటే, ప్లగ్గుకి రెండు కాళ్లు. మీటరు పెట్టి చూశాను. ఇది కూర్చోకపోతే నా మీసం తీయించుకుంటాను. మీ అక్క సాక్షి.

సుత్తి వద్దు. తాడు అసలే వద్దు.

ధనరాజు


ఎర్రపాలెం,
11 జూన్

మీసం ఉన్న బావకి,

మంగలిని పిలిపించుకో. రెండు చెవులూ ఆకాశం చూస్తున్నాయి.

తాడు కట్టలేదు. సుత్తి ముట్టలేదు. నిన్ను తప్పు పట్టను. ఇది నా పాపమో, బండి పూర్వజన్మ పాపమో తెలియడం లేదు. నాలుగు రోజులే ఉన్నాయి. నువ్వే రా. నీ కళ్లతో చూడు.

కాసులు


బరంపురం,
13 జూన్

కాసులుకి,

నిన్న మీ ఇంట్లో నేను మాట్లాడుతుంటే నువ్వు పలక మీద రాస్తూ ఉంటే, ఏ మాటకి ఏది జవాబో తెలియక సగం విషయాలు గందరగోళమయ్యాయి. మధ్యలో జనం వచ్చి నాకు కూడా దండాలు పెట్టారు. అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

మీసం తీయించుకున్నాను. దుకాణంలో ఎవరూ గుర్తుపట్టలేదు.

నీ వ్యాను ఒంటి నంబరు నిజమే, రెండువేల అయిదుదే. కానీ బానెట్టు కింద దూరి ఇంజను మీద మడ్డి తుడిచి చూశాను కదా, ఆ నంబరు వేరు. నువ్వు కొనకముందే ఎవడో పుణ్యాత్ముడు అసలు ఇంజను తీసేసి, సరుకుల బండి ఇంజను తెచ్చి పెట్టాడు. డైనమో బండికి బిగించరు, ఇంజనుకి బిగిస్తారు. నేను ఇన్నేళ్ల అనుభవంతో ఒంటిని చూసి తలకి టోపీ కొన్నాను. ఎవరైనా గిరాకీ ఈ తప్పు చేసి ఉంటే దుకాణం బయటి దాకా వినబడేలా తిట్టేవాణ్ని.

అంటే ఇన్నాళ్లూ నువ్వు ఏనుగు తల బండిలో తిరుగుతూ పురాణం చెబుతున్నావు. నీ సిద్ధాంతం నెగ్గింది. అయితే ఒక సవరణ రాసుకో. ఏనుగు తల పెట్టాక చెవిపోగులు కొనాలంటే ఏనుగు చెవికే కొలవాలి.

బోల్టుల చోట అట్ట ముక్క ఆనించి, మడ్డి అచ్చు దింపుకుని వచ్చాను గుర్తుందా, నువ్వు దాన్ని యంత్రం అనుకుని కళ్లకద్దుకున్నావు. ఆ అట్ట పట్టుకుని ఈ రోజు గిరిసోలలో విప్పిన సరుకుల బండ్లన్నీ తిరిగాను. చెవి మీద అట్ట పెడితే కన్నం మీద కన్నం కూర్చున్నది ఒక్కటి దొరికింది. రేపు మీటరు పెట్టి చూసుకుని పంపుతాను. ముసలమ్మకి జ్వరమట, అందుకని బస్సు కండక్టరుకి ఇస్తాను. పదిహేను తెల్లారకముందే నీ చేతిలో ఉండాలని ఒకటికి రెండు సార్లు చెబుతాను.

ధనరాజు


ఎర్రపాలెం,
17 జూన్

మీసం లేకపోయినా మగాడివైన ధనరాజు బావకి, గొంతు బొంగురుపోయిన కాసులు రాస్తున్నది.

కండక్టరు నీ డైనమోని సీటు కింద పెట్టుకుని మర్చిపోయి, ఒక ట్రిప్పు అటూ ఇటూ తిప్పి, పదిహేను మధ్యాహ్నం దింపాడు. అప్పటికి పడవలు వెళ్లిపోయాయి.

జరిగింది జరిగినట్టు చెబుతాను. తెల్లవారుజామున ఊరంతా ఒడ్డున చేరింది. పడవలు వరసగా పెట్టారు. అందరూ నా వైపు చూశారు. నేను రోడ్డు వైపు చూశాను. ఎండ కాళ్ల మీదికి వచ్చేదాకా ఎవరూ కదల్లేదు. అప్పుడు పుణ్యవతి చేట పక్కన పెట్టి లేచింది. "గంగమ్మ ఆడదే కదా. మేం సెప్తే ఇనదేటి?" అంది. నీళ్లలో మోకాళ్ల దాకా దిగి, ఒక్కో పడవ పేరూ చెప్పి అప్పగించింది. ఆడవాళ్లు వెనక నుంచి అందుకున్నారు. ఒక్క పేరు తప్పలేదు. ఇన్నేళ్లూ పక్కన నిలబడి విన్నది కదా. పడవలు వెళ్లాయి. సముద్రం ఏమీ అడ్డం చెప్పలేదు.

నేను వ్యానులో కూర్చుని తలుపు వేసుకున్నాను. పీఠాలు పోయినవాళ్ల కథలు నాకు చాలా తెలుసు, ఒక్కటీ తోడు రాలేదు.

మధ్యాహ్నం డైనమో వచ్చింది. చిన్నా చేత్తో పెట్టాడు. చెవులు బోల్టుల ఎదురుగా వచ్చి నిలబడ్డాయి బావా, పిలిస్తే వచ్చిన పిల్లల్లా. బెల్టు వేశాడు, ఇంజను తిప్పాడు, మీటరు పెట్టి పద్నాలుగు అని వేళ్లు చూపించాడు. మైకులో వేలితో తట్టాను. ఊరంతా టక్ టక్ మంది. ఒట్టు తీరింది. ఇక మాట్లాడొచ్చు. ఒడ్డున వినడానికి ఎవరూ లేరు.

అప్పుడు నైరుతి నుంచి నల్లటి తెర లేచింది. ఎంత తొందరగా వచ్చిందంటే చాపలు తీసేలోగా వాన మీద పడింది. ఒడ్డున నిలబడితే నీటి అంచు కనబడలేదు. పడవలు అప్పుడే తిరిగి వచ్చే వేళ. ఏరు సముద్రంలో కలిసే మన మొగ ఇరుకు, అటు ఇటు రాళ్లు, పగలు కూడా కళ్లు పెట్టి దూరాల్సిన చోటు. ఆడవాళ్లు ఒడ్డున పరుగులు. పుణ్యవతి వాన లోంచి వచ్చి వ్యాను తలుపు గుద్దింది. "ఏటలా కూకున్నావు? పలుకు" అంది.

వ్యానుని మొగ ఎదురుగా ఇసక గట్టు మీదికి తోయించాను. మైకు గొట్టాలు సముద్రం వైపు తిప్పించాను. నోరు తెరిచాను. ఏం చెప్పాలి? శ్లోకం రాలేదు. స్తోత్రం రాలేదు. నెల రోజులుగా లోపల మరిగిందే వచ్చింది. "ఒరే అసిరయ్యా, నా మాట లేకుండా ఎల్లిపోతావురా, పొగరుబోతా, నీ తాత కూడా నన్నడక్కుండా నీల్లు ముట్టలేదురా" అని మొదలుపెట్టాను. ఆ తర్వాత ఆగలేదు. పడవ పడవకీ పేరు పెట్టి తిట్టాను. అర్జున్ బాకీ ఎగ్గొట్టిన వల సంగతి, మనీష్ పెళ్లిలో పంచిన పుచ్చు వక్కలు, కొత్త ఇంజను కొని మేకని మొక్కి కోడితో సరిపెట్టినవాడి సంగతి, ఒక్కటీ వదల్లేదు. వాన నోట్లో పడుతోంది, తిడుతూనే ఉన్నాను. ఇంజను తిరుగుతూనే ఉంది, మైకు గొంతు ఒక్కసారి కూడా సన్నబడలేదు. పాత డైనమో అయితే పావుగంటకి ఊపిరి వదిలేది.

ఒక్కో పడవ వాన లోంచి ముక్కు బయటపెట్టింది. తమ పేరు వినబడ్డ వైపు తిప్పుకుంటూ వచ్చారు. పక్కవాణ్ని తిడుతున్నప్పుడు నవ్వుకుంటూ, తమ వంతు వచ్చినప్పుడు తల వంచుకుని, మొగలోకి దూరారు. అన్నీ వచ్చాయి, అసిరయ్యది తప్ప.

అతన్ని మళ్లీ మొదటి నుంచి తిట్టాను. అతని పుట్టుక, నడక, తలపాగా, అన్నీ అయిపోయాయి. గొంతులో రక్తం రుచి తగిలింది. చివరికి తిట్టడానికి ఏమీ మిగలక, "ఒరే అసిరీ, రారా, అన్నం సల్లారిపోతంది" అన్నాను. అప్పుడు వచ్చింది పడవ.

ఒడ్డుకి దిగి, నీళ్లు పిండుకుంటూ నేరుగా నా దగ్గరికి వచ్చాడు. "మావా, ఎల్లేటప్పుడు గంగమ్మకి ఒప్పసెప్పడానికి అత్త ఉంది. వొచ్చేటప్పుడు తిట్టడానికి నువ్వుండాల" అన్నాడు. పెద్దలంతా అదే ఖాయం చేశారు. నన్నెవరూ అడగలేదు. పుణ్యవతి మాత్రం ఒక్కసారి నా వైపు చూసి, పొయ్యి వెలిగించడానికి వెళ్లింది.

నిన్న, ఈ రోజు కూడా పడవలు వచ్చే వేళకి వ్యాను గట్టు మీద పెట్టి పని చేశాను. వాన లేదు, తెర లేదు, అయినా పిలిపిస్తున్నారు. తిట్టు వినబడకపోతే మొగలోకి దూరడానికి చేతులు రావంటున్నారు. ఎవరి పేరైనా మర్చిపోతే వాళ్ల ఇంటి ఆడవాళ్లు వచ్చి అడుగుతున్నారు.

ఒకటే ఇబ్బంది. వేట కాలం ఇంకా చాలా ఉంది, నా దగ్గర తిట్లు అడుగంటుతున్నాయి. శాస్త్రంలో శాపాలు ఉన్నాయి గానీ అవి మనుషుల మీద వాడేవి కావు. నీ దుకాణం ముందు రోజంతా గిరాకీలు, మెకానిక్కులు ఒకళ్లనొకళ్లు అంటూనే ఉంటారు కదా, తెలుగులో కొన్ని, ఒడియాలో కొన్ని ఏరి పంపు. పాతవైనా పరవాలేదు. ఏది ఎవరికి సరిపోతుందో ఇక్కడ నేను చూసుకుంటాను.

అక్కకి నమస్కారాలు. ఆమెని మంథర అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను, ఆ తిట్టు మాత్రం ఇక్కడ ఎవరికీ వాడను.

నీ బావమరిది,
కాసులు